స్టూడియోలో వదినగారు

ప్రభుత్వం మూడు శాఖలను కలిపి ఒకటి చేసిందన్న వార్తను ఊరికి మొదట చదివి వినిపించింది అనౌన్సరమ్మే. పర్యాటకం, కళలు, ప్రసారాలు ఇకమీదట ఒకే గొడుగు కిందికి వస్తాయనీ, దీనివల్ల ఖర్చు తగ్గి సేవలు పెరుగుతాయనీ ఆమె ఎప్పట్లాగే తడబడకుండా చదివింది. ఆ గొడుగు తెచ్చి సరిగ్గా తన నెత్తిమీదే విప్పుతారని అప్పటికామెకు తెలియదు.

వారం తిరక్కుండా తెలిసింది. ఒకే గొడుగు అంటే ఒకే కప్పు అని అర్థమట. సరస్సు ఒడ్డున పర్యాటక కార్యాలయం నడుస్తున్నది అద్దె ఇంట్లో. గుట్టమీద రేడియో స్టేషనుది సొంత భవనం, అదీ సగం గదులు ఖాళీగా ఉన్న భవనం. కాబట్టి పర్యాటకం గుట్టెక్కి రేడియోలో చేరాలి. రెండిటికీ కలిపి ఒకరే పెద్ద, సర్వీసు ఎవరికి ఎక్కువుంటే వారు. సర్వీసు ఎక్కువున్నది పర్యాటక అధికారిణికి. ఆ అధికారిణి ఎవరో పరాయి మనిషి అయితే అనౌన్సరమ్మ అంతగా దిగులుపడేది కాదు. ఆవిడ ఆమె భర్తకు స్వయానా అక్క.

"ఇంట్లో వదిన, ఆఫీసులో పై అధికారి. ఇక నీకు సెలవనేది ఎక్కడ దొరుకుతుందమ్మా?" అన్నాడు చప్పుళ్ల మావయ్య, జాలిగా.

చప్పుళ్ల మావయ్య అంటే రేడియో నాటకాలకు శబ్దాలు చేసే పెద్దాయన. శనివారం సాయంత్రం నాటకంలో వాన కురిసినా, గుర్రం పరిగెత్తినా, ఎవరైనా కోపంగా తలుపు వేసుకుని వెళ్లిపోయినా అదంతా ఆయన చేతుల పనే. రిటైరై చాన్నాళ్లయింది. కళల నిధి నుంచి వచ్చే చిన్నపాటి పారితోషికం కోసం వస్తున్నానని చెప్పుకునేవాడు గానీ, అది లేకపోయినా వచ్చేవాడేనని అందరికీ తెలుసు.

వదినామరదళ్ల మధ్య ఉన్నది పగ కాదు, అలాగని ప్రేమ అనడానికీ లేదు. వదినగారు తల్లిపోయిన ఇంట్లో తమ్ముణ్ని చేతులమీద పెంచింది. పెళ్లి చేసుకోవడానికి తీరిక చిక్కలేదని ఆవిడే నవ్వుతూ చెబుతుంది. తమ్ముడు పెద్దవాడై బజార్లో కళ్లజోళ్ల కొట్టు పెట్టాడు. ఊరందరి చూపూ సరిచేస్తాడు గానీ, సొంత ఇంట్లో జరిగేది మాత్రం చూడడు. చూస్తే ఏదో ఒకవైపు మాట్లాడాలి కదా. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని అద్దాలు తుడుచుకుంటూ కాలక్షేపం చేసేవాడు. సెలవురోజు వచ్చిందంటే వదినగారు వాళ్లింటికి వచ్చేది. "నాకెందుకమ్మా, మీ ఇల్లు మీ ఇష్టం" అంటూనే వంటింట్లో దూరి డబ్బాలన్నీ ఆ అరలోంచి ఈ అరలోకి మార్చేసి వెళ్లేది. మర్నాడు పొద్దున ఉప్పు కోసం అనౌన్సరమ్మ వంటిల్లంతా గాలించాల్సి వచ్చేది.

దీనికి తోడు పడవ సంగతి ఒకటుంది. పర్యాటక శాఖ కొత్తగా కొన్న పడవ, ప్రారంభోత్సవం నాడే పెద్దమనుషులతో సహా సరస్సు నడిమధ్య బురదలో దిగబడిపోయింది. ఆ వార్త చదవాల్సింది అనౌన్సరమ్మే కాబట్టి చదివింది. చదివినందుకు కాదట వదినగారి బాధ. "చదివితే చదివావు, 'దిగబడిపోయింది' అన్నచోట ఆ సాగదీయడం ఎందుకు? ఇంటిమనిషివై ఉండి!" అని ఆవిడ తమ్ముడితో అనగా, తమ్ముడు అద్దాలు తుడుచుకున్నాడు.

అలాంటి వదినగారు ఒక సోమవారం పొద్దున మ్యాపులు, కరపత్రాలు, ఫొటోకార్డుల స్టాండు, తెడ్డు పట్టుకుని నిలబడ్డ నిలువెత్తు అట్ట పడవవాడితో సహా గుట్టెక్కింది. వస్తూనే భవనమంతా కలియతిరిగింది. వార్తల గది పక్క వరండా తనకు బాగుందంది. అట్ట పడవవాణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టించింది. చీకటిపడ్డాక వాచ్‌మన్ దాన్ని చూసి రెండుసార్లు హడలిపోయాడు.

మొదటి నాలుగు రోజులూ అనౌన్సరమ్మ ఓపికగానే ఉంది. ఎర్రదీపం వెలిగినప్పుడు వరండాలో మాట్లాడకూడదని వదినగారికి వివరించింది. ఆవిడ ఒప్పుకుంది. కానీ వచ్చేపోయే టూరిస్టులకు ఎర్రదీపం అంటే ఏం తెలుసు? ఐదోరోజు సాయంత్రం వార్తల్లో, ఊరందరికీ మంచినీళ్లు అందించే పథకం విజయవంతంగా పూర్తయిందని మంత్రిగారు ప్రకటించారని అనౌన్సరమ్మ చదివి ఊపిరి తీసుకుంది. సరిగ్గా ఆ సందులో, ఓరగా ఉన్న తలుపులోంచి ఎవరో యాత్రికుడి గొంతు మైకులో స్పష్టంగా పడింది: "మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయండీ?"

ఊరు ఊరంతా నవ్వింది. నవ్వనివాళ్లు ఇద్దరే, అనౌన్సరమ్మ, వదినగారు. ఇద్దరూ ఒకరినొకరు అనుకోవాల్సినవన్నీ అనుకున్నారు. ఆఖర్న వదినగారు తలుపుకి మందపాటి పరదా కుట్టించి తెచ్చి, తనే స్టూలెక్కి కట్టింది. కట్టాక, "నేను చెప్పానని కాదు గానీ, ఇది ముందే ఉండాల్సింది" అంది.

అంతలో అసలు చిక్కు వచ్చిపడింది. రాజధాని నుంచి కొత్త ఉత్తర్వు దిగింది. ఇకపై ఉమ్మడి శాఖ సొమ్ముతో నడిచే ఏ కార్యక్రమమైనా, దానివల్ల ఎంతమంది ప్రజలకు ఉపయోగమో చూపించాలి. చూపించలేనివి మూతపడతాయి. స్థానిక రేడియో బదులు రాజధాని కార్యక్రమాలనే ఇక్కడ మళ్లీ వినిపిస్తారు. తనిఖీకి ఒక అధికారి వచ్చి స్వయంగా చూసి వెళతాడు.

పర్యాటకానికి ఇబ్బంది లేదు. వచ్చినవాడు కళ్లకు కనిపిస్తాడు, టిక్కెట్టు కొంటాడు, పుస్తకంలో సంతకం చేస్తాడు. రేడియోకే వచ్చింది తంటా. వినేవాళ్లు ఎవరింట్లో వాళ్లు కూర్చుని వింటారు. ఒకరు రొట్టె కాలుస్తూ, ఒకరు బట్టలు మడతపెడుతూ, ఒకరు మంచంమీద ఒత్తిగిలి. కనబడనివాళ్లను ఎక్కడ రాయాలో ఆ ఉత్తర్వు రాసినవాళ్లకు తోచలేదు కాబోలు. సాయంత్రం గంటసేపు వచ్చే స్థానిక కార్యక్రమమూ, దాంతోపాటు శనివారం నాటకమూ ఇక లేనట్టేనని స్టేషను ఇంజనీరు తేల్చేశాడు. చప్పుళ్ల మావయ్య వాన కురిపించే రేకును గోడకు ఆనించి, దానిమీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు.

ఉపాయం చెప్పింది వదినగారే. నాటకం చేసే పెద్ద స్టూడియోకు ఒకవైపు గోడంతా అద్దం. అద్దానికి అవతలి గదిలో పాత బల్లలు, విరిగిన ఫ్యాన్లు పడేసి ఉన్నాయి. అవి తీయించి కుర్చీలు వేస్తే, శనివారం సాయంత్రం టూరిస్టులను తెచ్చి కూర్చోబెట్టొచ్చు. రేడియో నాటకం ఎలా చేస్తారో వాళ్లు కళ్లారా చూస్తారు. తనిఖీకి వచ్చినాయనకు ప్రజలు కుర్చీల్లో కనబడతారు.

అనౌన్సరమ్మకు ఈ మాట కారం రాసినట్టయింది. రేడియో అంటే చూసేది కాదు, వినేది అంది. చూస్తే నాటకంలో ఏముంటుంది, రాజుగారు స్వెట్టరు వేసుకుని ముక్కు తుడుచుకుంటుంటాడు, రాణిగారి పక్కన ఫ్లాస్కు ఉంటుంది. తామేమన్నా బోనులో జంతువులా, జనం అద్దంలోంచి చూసి పోవడానికి? వదినగారు అంతా విని, బోనులో జంతువులకు కనీసం మేత బడ్జెట్టు ఉంటుందని, నీకు వచ్చేనెల అదీ ఉండదని నెమ్మదిగా చెప్పింది. ఆ మాట నిజం కాబట్టి మరింత మంటగా ఉంది.

మొదటి శనివారం కుర్చీలు నిండాయి. ఆ వారం నాటకం తుఫానులో తప్పిపోయిన జాలరి కథ, ఏడుపు కథ. భార్య ఒడ్డున నిలబడి ఎదురుచూస్తుంటుంది. ఆ వేషం అనౌన్సరమ్మదే. గొంతులో దుఃఖమంతా తెచ్చుకుని ఆమె "అలలు ఇంటిదాకా వచ్చాయి, మనిషి రాలేదు" అంటుండగా అద్దం అవతల జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఎందుకంటే పక్కనే చప్పుళ్ల మావయ్య లుంగీ పైకి కట్టి, ఒక కాలితో ఇసుకపెట్టె తొక్కుతూ, ఒక చేత్తో రేకు ఊపుతూ, ఇంకో చేత్తో నీళ్లతొట్టిలో గరిటె తిప్పుతూ, నోటితో గాలి ఈలవేస్తూ ఒంటికాలిమీద తుఫాను నడుపుతున్నాడు. ఆ నవ్వు అద్దం దాటి, సన్నగానైనా, మైకులో పడింది.

నాటకం అయ్యేసరికి అనౌన్సరమ్మకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి జాలరి భార్యవి కావు. కాగితాలు మడిచి, వదినగారితో తేల్చుకుందామని లేచింది. అప్పుడే అద్దం అవతల జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఎవరికోసమో మొదట ఆమెకు అర్థం కాలేదు. తర్వాత వెనక్కి తిరిగి చూసింది. చప్పుళ్ల మావయ్య తడిచేతులతో నిలబడి ఉన్నాడు. ఆయన జీవితంలో ఎన్నో తుఫానులు చేశాడు. తన చప్పుడు వేరేవాళ్లు విన్నారే గాని, వేరేవాళ్లు తనకోసం చప్పుడు చేయగా ఆయన వినలేదు. ఏం చేయాలో తెలియక గరిటె పైకెత్తి ఊపాడు. జనం ఇంకా గట్టిగా కొట్టారు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన అన్నాడు, "తప్పేనమ్మా. నీ ఏడుపు సీను పాడైంది. కానీ అబద్ధమెందుకు, నాకు మాత్రం బాగుంది."

వదినగారితో తేల్చుకోవడం ఆ పూటకు ఆగిపోయింది.

తనిఖీ అధికారి రెండువారాల్లో వస్తున్నాడని కబురొచ్చింది. జనం ఎలాగూ నవ్వుతారు కాబట్టి నవ్వే నాటకమే చేద్దామని అనౌన్సరమ్మ నిశ్చయించుకుంది. కళల నిధిలో రచయితలకు ఇచ్చే పద్దు ఎప్పుడో ఎండిపోయింది గనుక నాటకాలు రాసేది కూడా ఆమే. కూర్చుంది. కలం కదల్లేదు. నవ్వు రావాలంటే ఇంట్లో ఒక గయ్యాళి ఉండాలి. గయ్యాళికి మాటలు కావాలి. మాటల కోసం ఆమె ఎక్కువ దూరం వెతకలేదు. "నాకెందుకమ్మా, మీ ఇల్లు మీ ఇష్టం" అని ఒక వాక్యం రాసేసరికి తక్కినవి వాటంతటవే వరసకట్టి వచ్చాయి. తమ్ముడింటికి వచ్చి డబ్బాలు సర్దే ఒక ఆడపడుచు, ఉప్పు దొరక్క తిరిగే ఒక ఇల్లాలు, కళ్లు మూసుకుని కూర్చునే ఒక మొగుడు. ఆఖర్న పెద్ద గొడవ. ఆడపడుచు ఈ గుమ్మం తొక్కితే ఒట్టు అని ధడేల్న తలుపేసుకుని వెళ్లిపోతుంది. ఇంట్లో ప్రశాంతత. ఒక్క ఊపులో రాసేసింది. రాస్తున్నంతసేపూ ఆమెకు ఒళ్లు తేలికపడినట్టుంది.

వదినగారికి తెలిసే ప్రమాదం లేదని ఆమె ధైర్యం. ఆవిడ వార్తలు తప్ప రేడియో వినదు, ఆ సంగతి నలుగురిలో చెప్పుకుంటుంది కూడా. ఆరోజు తనిఖీ అధికారిని వెంటబెట్టుకుని భవనమంతా తిప్పే హడావుడిలో ఉంటుంది. అద్దం దగ్గర కూర్చున్నా నాలుగు నిమిషాలు కూర్చుంటుంది.

గయ్యాళి పాత్రకు పెద్ద టీచరమ్మ ఉంది. బడినుంచి రిటైరైన మనిషి. గొంతెత్తితే ఇప్పటికీ వీధిలో పిల్లలు నిటారుగా నిలబడతారు. రిహార్సల్‌లో ఆవిడ అదరగొట్టింది. తీరా శనివారం మధ్యాహ్నం ఆవిడ మనవరాలు ఫోను చేసింది. అమ్మమ్మకు గొంతు పట్టేసింది, సైగలు తప్ప మాటల్లేవు.

ఇంజనీరు ఊళ్లో తెలిసిన ఆడవాళ్లందరినీ తలుచుకున్నాడు. ఒకరు ఊళ్లో లేరు, ఒకరికి చదవడం రాదు, ఒకరికి మైకు చూస్తే వణుకు. తనిఖీ అధికారి అప్పటికే వచ్చి, అట్ట పడవవాడి పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. మెత్తటి మనిషి. ప్రతి మాటకూ తల ఊపేవాడు గాని ఏ మాటకూ అవునన్నట్టు ఉండేది కాదు. కుర్చీలు నిండుతున్నాయి. అప్పుడు చప్పుళ్ల మావయ్య, ఏ పాపమూ ఎరగని మొహంతో, "మేడమ్‌గారు చదవొచ్చు కదా? గొంతు గట్టిదే" అన్నాడు.

అనౌన్సరమ్మ వద్దనడానికి కారణం వెతికింది. ఒక్కటీ పైకి చెప్పుకునేది కాదు. వదినగారు మొదట తనకు రాదంది, తర్వాత అధికారి వైపు చూసింది, తర్వాత కొంగు బిగించింది. "ఎక్కడ నిలబడాలి?" అంది.

ఎర్రదీపం వెలిగింది. ముందు ఇల్లాలు, మొగుడు మాట్లాడుకునే సీను. ఇల్లాలు అనౌన్సరమ్మే, మొగుడి వేషం పోస్టాఫీసు గుమాస్తాది. తర్వాత చప్పుళ్ల మావయ్య తలుపు తట్టాడు, ఆడపడుచు వచ్చింది.

"నాకెందుకమ్మా, మీ ఇల్లు మీ ఇష్టం" అని చదివింది వదినగారు. చదివి, ఒక్క క్షణం ఆగి, కళ్లజోడు పైనుంచి మరదలి వైపు చూసింది. అద్దం అవతల నవ్వు మొదలైంది. ఆవిడ మళ్లీ కాగితం వైపు తల వంచింది. "నేను చెప్పానని కాదు గానీ, మూతపెట్టని గిన్నె, ముడివేయని మూట ఒకటే." అదీ ఆవిడ మాటే. "వాడికి చిన్నప్పట్నుంచీ చల్లటి అన్నం పడదు." అదీ. పేజీ తిప్పేకొద్దీ తన సంసారమంతా తనకు ఎదురొస్తోంది. అనౌన్సరమ్మ తన వంతు వాక్యాలు తలెత్తకుండా చదువుతోంది. చెవులు కాలుతున్నాయి. ఎదురుగా వదినగారి గొంతు మాత్రం ఎక్కడా తగ్గలేదు. తగ్గకపోగా పుంజుకుంది. టీచరమ్మ అరిచినచోట ఆవిడ అరవలేదు, ఇంట్లో ఎలా అంటుందో అలాగే అంది. దాంతో జనం కుర్చీల్లో మెలికలు తిరిగిపోయారు. తనిఖీ అధికారి కూడా రుమాలు తీశాడు.

ఆఖరి సీను వచ్చింది. చప్పుళ్ల మావయ్య తన చెక్కతలుపు దగ్గర చేయివేసి, ధడేల్మనిపించడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"నాకెందుకమ్మా. మీ ఇల్లు మీ ఇష్టం. ఇకమీద ఈ గుమ్మం..." అని ఆగిపోయింది వదినగారు.

రేడియోలో మౌనం చాలా పెద్దగా వినిపిస్తుంది. ఇంజనీరు కంట్రోలు గది అద్దం వెనకనుంచి చేతులు ఊపాడు. వదినగారు కాగితం బల్లమీద పెట్టి, కళ్లజోడు తీసి దానిమీద ఉంచింది.

"గుమ్మం ఎందుకు తొక్కనూ? తొక్కుతాను. నేను రాకపోతే ఆ పై అరలో డబ్బాలు ఎవరు దింపుతారు? నీకు చెయ్యందదు. అందదని చెప్పవు. స్టూలెక్కుతావు. ఆ స్టూలు కాలు ఊగుతుందని నాకు తెలుసు, ఒకసారి నేనే పడబోయాను. అందుకని వచ్చినప్పుడల్లా కిందికి సర్దుతాను. నువ్వేమో మళ్లీ పైకెక్కిస్తావు."

కాగితంలో లేని మాటలు. అనౌన్సరమ్మ ఇన్నేళ్లలో మైకు ముందు మాట కోసం తడుముకోవడం అదే మొదలు. ఉప్పు, పంచదార, పప్పులు, అన్నీ ఆ కింది అరలో ఎందుకు చేరేవో ఒక్కసారిగా కళ్లముందు కట్టినట్టయింది.

"ఆ మాట చెబితే సరిపోయేది కదా వదినా" అంది. గొంతు నాటకం గొంతులా లేదు.

"చెబితే వింటావా? పొద్దస్తమానం చెప్పడమే గాని నువ్వు వినేదెప్పుడు?"

అద్దం అవతల గొల్లున నవ్వారు. అనౌన్సరమ్మకూ నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చేట్టుంది. రెండిట్లో ఏదొస్తే అది రానీలే అనుకుని నోరు తెరిచింది.

"సరే, వింటాను. కూర్చోండి. టీ పెడతాను. పొడి ఎక్కడ పెట్టారో మాత్రం మీరే చెప్పాలి."

"నీ చేతికి అందేచోటే పెట్టాను."

చప్పుళ్ల మావయ్య తలుపు మీద చేయి అలాగే ఉంచి, ఆలోచించి, మెల్లిగా దాన్ని వదిలేశాడు. తలుపు వేయలేదు. నేలమీద కుర్చీ ఒకటి లాగాడు, మనిషి కూర్చోవడానికి లాగినట్టు. కూజాలోంచి గిన్నెలోకి నీళ్లు పోశాడు. చెంచాతో గ్లాసు అంచున రెండుసార్లు తట్టాడు. అంతటితో ఇంజనీరు సంగీతం అందుకున్నాడు. ఎర్రదీపం ఆరింది.

చప్పట్లు మోగుతున్నా వాళ్లిద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తర్వాత వదినగారు కళ్లజోడు పెట్టుకుని, స్క్రిప్టు చేతికిచ్చింది. "నేను 'ఒట్టు' అని ఎప్పుడూ అనలేదు. అది నువ్వు కలిపావు" అంది. అనౌన్సరమ్మ కలిపానని ఒప్పుకుంది. తక్కినవి సరిగ్గానే రాశావంది వదినగారు.

ఇంటికి వెళ్లాక అనౌన్సరమ్మ భర్తను నాటకం విన్నావా అని అడిగింది. కొట్లో గిరాకీ ఎక్కువగా ఉందనీ, మధ్యలో ఏదో గరగర వచ్చిందనీ, సరిగా వినలేదనీ ఆయన చెప్పాడు. మర్నాడు పొద్దున ఆమె వంటింట్లో స్టూలు జరపబోతే అది ఊగలేదు. వంగి చూసింది. నాలుగో కాలికి కొత్త మరలు బిగించి ఉన్నాయి. కళ్లజోళ్లకు వాడే చిన్న మరలు కావవి, ఎక్కడో వెతికి కొనుక్కొచ్చినవి. ఆరోజు ఆయనకు రెండోసారి టీ అడక్కుండానే వచ్చింది.

నెల తిరిగేసరికి రాజధాని నుంచి నిర్ణయం వచ్చింది. సగం మంచిది, సగం చెడ్డది. శనివారం నాటకం ఉంటుంది, కళల నిధి నుంచి దానికి సొమ్మూ వస్తుంది. అయితే దాన్ని రేడియో కార్యక్రమంగా కాక, సందర్శకులను ఆకర్షించే ప్రదర్శనగా లెక్కిస్తారు. తక్కిన రోజుల్లో సాయంత్రం వచ్చే స్థానిక కార్యక్రమం ఆగిపోతుంది, ఆ వేళకు రాజధాని కార్యక్రమాలు వస్తాయి. పర్యాటకులకు అవసరమైన సమాచారం ఏమైనా ఉంటే కొద్ది నిమిషాలు చదవొచ్చు.

అనౌన్సరమ్మ కుర్చీలో కూలబడింది. నీళ్లు ఎప్పుడు వస్తాయో, పశువుల డాక్టరు ఏ వీధికి వస్తాడో, ఎవరి గొడుగు బస్సులో దొరికిందో, ఇన్నాళ్లూ ఈ ఊరికి చెప్పింది తను. రాజధానిలో కూర్చున్నవాళ్లకు ఎవరి గొడుగు ఏమైతే ఏమిటి? చప్పట్లు ఎన్ని వచ్చినా ఆ లోటు పూడేది కాదు. వదినగారు ఓదార్చలేదు. ఆవిడకు ఓదార్చడం రాదు. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఆఖరి వాక్యం కింద గోటితో గీత గీసింది.

"పర్యాటకులకు ఏది అవసరమో ఎవరు నిర్ణయించాలి?" అని అడిగింది.

"ఇంకెవరు, పర్యాటక అధికారిణి" అంది అనౌన్సరమ్మ నీరసంగా.

"అదెవరు?"

అనౌన్సరమ్మ తలెత్తింది.

ఆనాటి నుంచి ఆ ఊరి రేడియోలో సాయంత్రం రాజధాని కార్యక్రమాలు మొదలయ్యే ముందు కొత్తరకం ప్రకటనలు రాసాగాయి. పర్యాటకులకు గమనిక, పెద్దబడి వెనక వీధిలో రేపు కుళాయి రాదు. పర్యాటకులకు గమనిక, బస్సులో దొరికిన నల్లగొడుగు డిపోలో ఉంది, పిడి విరిగినది. పర్యాటకులకు గమనిక, వంతెన దగ్గరి కుట్టుపనివారి అమ్మాయికి పరీక్షలో మొదటిస్థానం వచ్చింది, యాత్రికులందరూ సంతోషించగలరు. కొద్ది నిమిషాలు కాస్తా మెల్లిగా పెరిగాయి. రాజధాని నుంచి ఒకసారి ఎవరో ఫోను చేసి, మీ ఊరికి పర్యాటకులు పశువులను కూడా వెంట తెస్తారా అని అడిగారట. కొందరు తెస్తారని వదినగారు గంభీరంగా జవాబిచ్చింది.

గొడవలు తగ్గాయని చెప్పలేం. నాటకం రాసిన ప్రతిసారీ వదినగారు కాగితాలు ముందే తెప్పించుకుని, "ఇలా నేననను" అని గీతలు కొట్టేది. అనే మాటేదో చెప్పమంటే చెప్పేది, అది రాసినదానికంటే బాగుండేది. పెద్ద టీచరమ్మకు గొంతు తిరిగి వచ్చింది గాని గయ్యాళి వేషం మాత్రం తిరిగి దక్కలేదు. ఆవిడ దేవతల వేషాలకు మారి, తనకు అన్యాయం జరిగిందని చప్పుళ్ల మావయ్య దగ్గర చెప్పుకునేది. ఆయనేమో శనివారాలు ఇస్త్రీచొక్కా వేసుకుని రావడం మొదలుపెట్టాడు.

ఒక ఆదివారం సాయంత్రం వదినామరదళ్లు కలిసి సరస్సు ఒడ్డుకు నడిచారు. కొత్తగా వేసిన బెంచీలు బాగున్నాయో లేదో వదినగారు ప్రతి బెంచీమీదా ఒకసారి కూర్చుని చూస్తోంది. ఎవరో దూరప్రాంతం వాళ్లు, భార్యాభర్తలు, వాళ్లవైపే చూస్తూ వచ్చారు. ఆ భార్య కాస్త జంకుతూ వదినగారి దగ్గరికి వచ్చింది.

"ఏమనుకోకండి, నిన్న గుట్టమీద నాటకంలో ఆ గయ్యాళి మీరే కదండీ? మా అత్తగారికి చూపించాలి, ఒక్క ఫొటో తీసుకోవచ్చా?"

వదినగారు ఎటూ చెప్పకుండా చీర సర్దుకుంది, అంటే సరేనని. భర్త కెమెరా తీసి, తనూ ఫొటోలో పడాలని, పక్కనున్న అనౌన్సరమ్మ చేతికి దాన్ని ఇచ్చాడు. నిన్నటి నాటకంలో ఆమె కూడా ఉందని అతను గుర్తుపట్టలేదు. అనౌన్సరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, ముగ్గురూ సరిగ్గా పడేట్టు కెమెరా పట్టుకుంది. వదినగారు నడుమ నిలబడింది, కనుబొమలు ముడిచి, మూతి బిగించి.

"కొంచెం నవ్వండి వదినా."

"గయ్యాళి నవ్వితే ఎవరు గుర్తుపడతారు? తియ్యి" అంది వదినగారు.